ల్యాబ్ కొలతలకూ సిమ్యులేషన్‌కూ పొంతన కుదరకపోతే విద్యార్థులకు ఏం చెప్పాలి?

ప్రశ్న:
మా విద్యార్థులు స్క్విరల్ కేజ్ ఇండక్షన్ మోటారుకు నో-లోడ్ (లోడు లేకుండా తిప్పి చేసేది), బ్లాక్డ్ రోటార్ (తిరిగే భాగమైన రోటార్‌ను కదలకుండా ఆపి చేసేది) పరీక్షలు చేసి, వాటి నుంచి రాబట్టిన విలువలతోనే సిమ్యులేషన్ నమూనా తయారుచేస్తున్నారు. అయితే ఫుల్ లోడ్ వద్ద సిమ్యులేషన్ చూపే స్లిప్ (తిరిగే అయస్కాంత క్షేత్రం కంటే రోటార్ ఎంత శాతం వెనకబడిందో చెప్పే విలువ) బ్రేక్ టెస్టులో (బ్రేకుతో లోడు పెట్టి చేసే పరీక్షలో) కొలిచినదానికంటే ఎక్కువగానూ, పూర్తి వోల్టేజీతో నేరుగా స్టార్ట్ చేసినప్పటి కరెంటు తక్కువగానూ వస్తున్నాయి. ఏదో ఒకటి తప్పని తేల్చేసి వారు అంకెలు సర్దుతున్నారు. ఈ తేడానే పాఠంగా మలచడం ఎలా?

సమాధానం 1:
బ్లాక్డ్ రోటార్ పరీక్షను 50 హెర్ట్జ్ వద్దే చేయించి ఉంటే, రెండు తేడాలకూ మూలం అక్కడే ఉండవచ్చు. రోటార్ నిలిచి ఉన్నప్పుడు దాని కడ్డీల్లోని కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. 4 శాతం స్లిప్‌తో తిరిగేటప్పుడు 2 హెర్ట్జ్ మాత్రమే. లోతైన కడ్డీల రోటార్‌లో ఎక్కువ పౌనఃపున్యం వద్ద కరెంటు కడ్డీ పైభాగానికే పరిమితమై నిరోధం పెరుగుతుంది కనుక, ఆ విలువను తిరుగుతున్న మోటారుకు వాడితే స్లిప్ ఎక్కువ రాక తప్పదు. అందుకే రేటెడ్ పౌనఃపున్యంలో 25 శాతానికి మించకుండా ఈ పరీక్ష చేసే పద్ధతిని ఇండక్షన్ మోటార్ల పరీక్షలకు సంబంధించిన ఐఈఈఈ 112 ప్రమాణం సూచిస్తుంది. ఇక స్టార్టింగ్ కరెంటు విషయానికొస్తే, పరీక్షలో వోల్టేజీ తగ్గించి రేటెడ్ కరెంటు వరకే పోనిస్తాం. పూర్తి వోల్టేజీ వద్ద దానికి అయిదారు రెట్ల కరెంటు పారి, స్లాట్ల అంచుల్లోని ఇనుము అయస్కాంతపరంగా సంతృప్తమై, లీకేజీ రియాక్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణాల్లో ఒకటి) పడిపోతుంది. అందుకే అసలు కరెంటు సిమ్యులేషన్ చూపినదానికంటే ఎక్కువ.

సమాధానం 2:
ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాగి వైండింగ్ 25 నుంచి 75 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే నిరోధం దాదాపు 19 శాతం పెరుగుతుంది, రోటార్ కడ్డీల నిరోధమూ వేడితో పెరుగుతుంది. చల్లని మోటారుపై కొలిచిన విలువల వల్ల స్లిప్ తగ్గి కనిపించాలి. అంటే మీరు చూస్తున్న తేడాలో కొంత ఇప్పటికే మరుగున పడింది. బ్రేక్ టెస్టు ముగిసి మోటారు ఆగగానే, సప్లై విడదీసి, స్టేటర్ (మోటారులోని కదలని భాగం) వైండింగ్ నిరోధాన్ని డీసీతో మళ్లీ కొలిపించండి.

ప్రశ్న అడిగినవారు:
అవును, 50 హెర్ట్జ్ వద్దే చేయించాం. మా దగ్గర డీసీ మోటారుతో తిరిగే నాలుగు ధ్రువాల ఆల్టర్నేటర్ ఉంది. నిమిషానికి 375 చుట్లతో తిప్పితే 12.5 హెర్ట్జ్ వస్తుంది. మరి ల్యాబ్ ముందా, సిమ్యులేషన్ ముందా?

సమాధానం 3:
ల్యాబే ముందు ఉండాలని నా గట్టి అభిప్రాయం. రెండు వాట్‌మీటర్లతో పవర్ కొలిచే నో-లోడ్ పరీక్షలో పవర్ ఫ్యాక్టర్ 0.5 కంటే తగ్గి వాటిలో ఒక దాని ముల్లు వెనక్కి కొట్టుకున్నప్పుడు, కాయిల్ కనెక్షన్ తిప్పి ఆ రీడింగును రుణాత్మకంగా రాసుకోవాలన్న జ్ఞానం తెర మీద రాదు. ఆ తర్వాత సిమ్యులేషన్ చేయించి, బ్రేక్ టెస్టుకు ముందే ప్రతి విద్యార్థీ తన స్లిప్ అంచనాను రికార్డులో రాసి సంతకం చేయించుకోవాలి. అప్పుడు అంకెలు సర్దే వీలుండదు. లోడు మీద ఒక ఫేజు పోవడం వంటి, మోటారుకు హాని చేసే స్థితులను మాత్రం సిమ్యులేషన్‌కే వదిలేయండి.