మరతుపాకిని సంధిస్తామా, పేలుస్తామా?

మిడతంభొట్లు:
ఆదివారం మా ఇంట్లో బ్యాటిల్‌టెక్ ఆట (మ్యాపులు పరిచి, మెక్‌లనే భారీ మరమనుషులతో ఆడే యుద్ధం ఆట, లోకస్ట్ వాటిలో ఒకటి), పిల్లల కోసం రూల్స్ ఒక పేజీలో తెలుగులో రాశా, అందులో "లోకస్ట్ తన మరతుపాకుల్ని సంధించి" అని ఉంటే మా బావ పట్టుకున్నాడు, సంధించేది బాణాన్నిరా అని. పోతన గజేంద్రమోక్షంలో చక్రానికి కూడా సంధించడమనే వాడాడు కదా, "శంఖచక్రయుగముం జేదోయి..." దాకా వచ్చి ఆగిపోయా. సంధింపడా, ధరియింపడా? నిన్నట్నుంచీ అదే గోల బుర్రలో.

గణయతి:
సంధింపఁడే. ధరియింప అంటే ఒక అక్షరం ఎక్కువై మత్తేభం కుంటుతుంది. అలాగని ఛందస్సు తేల్చేసిందనుకోకండి, యతి "జే" దగ్గరే తీరిపోయింది, సారింప అన్నా గణాలు కుదురుతాయి. పాఠం మాత్రం సంధింపే.

పిండిమర:
గణాలు సరే, అర్థం చూడండి స్వామీ. అక్కడ సంధించడం అంటే ఎక్కుపెట్టడం కాదు, చేతికి చేర్చుకోవడం, సంధి అంటే అతుకేగా. లోకస్ట్‌కి రెండు చేతులకీ చెరో గన్ను ముందే బిగించేసి ఉంటే ఇంక సంధించేదేముంది? అయినా మరమనిషికి మరతుపాకి, ఎన్ని మరలండీ, మరమేకొక్కటే తక్కువ.

తూటా:
అసలు దాన్ని మెషీన్ గన్ అనడమే నాకు మింగుడుపడదు. నిజం మెషీన్ గన్ బ్రౌనింగ్ ఎం2 బరువు 38 కిలోలు, 1,800 మీటర్ల దాకా పనికొస్తుంది. ఈ ఆటలోనేమో అరటన్ను బరువు, రేంజ్ 3 హెక్సులు (మ్యాప్ మీది ఆరుమూలల గడులు), హెక్సుకి 30 మీటర్లు, వెరసి 90. మా వీధి చివర కిరాణా కొట్టు కూడా అందదు.

పిండిమర:
మ్యాప్ పొడుగే 17 హెక్సులండీ, 510 మీటర్లు. నిజం రేంజ్ ఇస్తే మూడు మ్యాపులు దాటి నాలుగోదాంట్లో పడుద్ది, టేబుల్ చాలక వరండాలోకి పోవాలి. బరువులు కూడా అరటన్ను లెక్కనే కడతారు, 38 కిలోలు రాయడానికి గడే లేదు. అది పెద్ద మెషీన్లని కొట్టేందుకు కాదు, వాటి మీద డ్యామేజ్ 2, కాల్బలం మీదైతే రెండు పాచికలేసి ఎంత పడితే అంత.

గణయతి:
కాల్బలం అన్నారు కాబట్టి, "ఏ పరివారంబును జీరఁడు"... ఏనుగు కోసం విష్ణువు ఎవర్నీ పిలవకుండానే పరిగెత్తాడు, పోతన్న ముందు మీ ఇన్‌ఫాంట్రీ రూల్స్ ఎంత! ఇంకోటి, తగువు పడాల్సింది సంధింప మీద కాదు, ఆ తర్వాతొచ్చే "అభ్రగపతిం బన్నింపఁడు" మీద. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించలేదని. తూటాలెక్కించి మెక్‌ని బయల్దేరదీయడానికి పన్నించు కన్నా మంచి మాటుందా?

తూటా:
పిల్లలకి పన్నించు అంటే పన్ను పీకిస్తారనుకుంటారు.

మిడతంభొట్లు:
ప్రస్తుతానికి "మరతుపాకులతో కొట్టి" అని దిద్దా, బావ ఇంకా ఒప్పుకోలా. పోయిన వారం మా చిన్నోడి లోకస్ట్‌కి ఛాతీలో దెబ్బ తగిలింది, తూటాలుండేది అక్కడే, టన్ను తూటాలు, 200 రౌండ్లు, ఒక్కటీ వాడలేదు పాపం, రెండేసి చొప్పున 400 డ్యామేజ్. అప్పుడు మాత్రం ఏ మాట వాడాలని ఎవరూ అడగలేదు, పేలిందంతే.

పిండిమర:
పేలు, పేలాలు ఒకటే ధాతువు కదా, మరి తలలో పేల సంగతేంటి?