పక్షవాతం వచ్చి మూడు నెలలు దాటితే చేయి ఇక బాగుపడదా?

ప్రశ్న:
మెదడు ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి అమ్మకు పక్షవాతం వచ్చింది. నాలుగు నెలలు దాటింది. చేతికర్రతో నడుస్తోంది. కుడిచేయి మాత్రం ఎప్పుడూ ఒళ్లోనే. బల్ల మీద ఆనిస్తే మణికట్టు కాస్త లేస్తుంది, బొటనవేలూ పక్క రెండు వేళ్లూ కొద్దిగా విచ్చుకుంటాయి. అయినా దువ్వెన పట్టాలన్నా ఎడమచేయే. "మూడు నెలల్లో వచ్చిందే వచ్చింది" అని చూడవచ్చిన వాళ్లందరూ అంటుంటే వ్యాయామం మానేస్తోంది. కొత్త థెరపిస్టు బాగున్న చేతికి తొడుగు వేయమన్నారు. ఉన్న ఒక్క చేతినీ కట్టేయడానికి నాకు మనసొప్పడం లేదు.

జవాబు 1:
నేను ఫిజియోథెరపిస్టును. ఆ మూడు నెలల మాట వింటే నాకు బాధేస్తుంది. తొలి నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుందన్నది నిజం: వాపు తీస్తుంది, దెబ్బ తినకుండానే మూగబోయిన భాగాలు మళ్లీ పనిలో పడతాయి. ఆ తర్వాత వేగం తగ్గుతుందే గాని ఆగిపోదు. చనిపోయిన కణాలు తిరిగి రావు, వాటి పనిని మిగిలిన కణాలు నేర్చుకోవాలి. వాడితేనే నేర్చుకుంటాయి. 1996లో రాండాల్ఫ్ న్యూడో బృందం కోతుల మీద ఇదే చూసింది. శిక్షణ ఇచ్చిన కోతుల మెదడులో గాయం పక్కన చేతిని నడిపే ప్రాంతం నిలిచింది. కొన్నింటిలో మోచేయి, భుజాల ప్రాంతంలోకి కూడా విస్తరించింది. శిక్షణ లేనివాటిలో బాగున్న భాగమూ కుంచించుకుపోయింది.

తొడుగు పద్ధతి ఎడ్వర్డ్ టాబ్ పరిశోధనల నుంచి వచ్చింది. మొదట్లో ప్రయత్నించిన ప్రతిసారీ చేయి మాట వినకపోతే, మెదడు దాన్ని వాడకపోవడమే అలవాటు చేసుకుంటుంది. బాగున్న చేతికి తొడుగు వేస్తే ఆ చేతిని వాడక తప్పదు. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో 222 మంది పాల్గొన్నారు, అందరూ పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన వాళ్లే. రెండు వారాల తొడుగు, శిక్షణతో వచ్చిన మెరుగుదల ఏడాది తర్వాతా నిలిచింది. మీ అమ్మగారి మణికట్టు, వేళ్లు కదులుతున్నాయి కాబట్టి ఆమెకు అవకాశం ఉంది. తొడుగు వేసి వదిలేస్తే మాత్రం విసుగే మిగులుతుంది. ఖాళీ గ్లాసును బల్ల మీద జరపడం, తర్వాత పట్టడం, ఆ తర్వాత ఎత్తడం, ఇలా మెట్టు మెట్టుగా సాగాలి.

జవాబు 2:
మా ఆయన కూడా ఇలాగే వ్యాయామం మానేశారు. మొండితనం అనుకున్నాం, డాక్టరుగారు చూసి కుంగుబాటు అన్నారు. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడింట ఒక వంతు మందికి వస్తుందట. మందులు మొదలయ్యాకే మళ్లీ చొక్కా గుండీల మీద చేయి వేశారు. అమ్మగారికి కుంగుబాటు ఉందేమో కూడా పరీక్ష చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కర్ర పట్టుకునేది ఎడమచేత్తోనే. మరి నడిచేటప్పుడు తొడుగు ఎలా?

జవాబు 1:
నడిచేటప్పుడు, స్నానాల గదిలో, వేడి వస్తువుల దగ్గర తప్పక తీసేయండి. కూర్చుని చేసే పనులకే వేయండి. ఏయే పనులకు వేయాలో, ఎప్పుడు తీయాలో థెరపిస్టుతో ముందే రాసి పెట్టుకోండి. ఇంకొకటి, ఆమెను లేపేటప్పుడు ఎవరూ కుడిచేయి పట్టి లాగకూడదు, భుజం కీలు జారవచ్చు.