స్టేబుల్‌లో వేసిన ఫిక్స్ మెయిన్‌లోకి చేరిందో లేదో ఎట్టా తెలుసుకోవాలి?

కావలి_కోడర్:
రొయ్యల గుంటల లెక్కలు రాసుకునే ఓపెన్ సోర్స్ యాప్. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ వాడుతున్నాం. మెయిన్ (కొత్త పని జరిగేది), స్టేబుల్-2.3 (విడుదలైన వెర్షన్‌ది) అనే రెండు బ్రాంచ్‌లు, అంటే కోడ్ శాఖలు, పక్కపక్కన నడుస్తున్నాయి. స్టేబుల్‌లో సరిచేసినవి మెయిన్‌కి చెర్రీ-పిక్ (ఒక్కో మార్పునే ఎంచి కాపీ) చేస్తున్నాం. ఏది చేరిందో ఏది మిగిలిందో లెక్క తప్పింది. సెలినిటీ (నీటి ఉప్పదనం) అంకె రౌండింగ్ ఫిక్స్ సంగతీ అంతే. పైగా "గిట్ బ్రాంచ్ --నో-మర్జ్డ్ మెయిన్" కొడితే, ఎప్పుడో కలిపేసిన ఫీచర్ బ్రాంచ్‌లూ వస్తున్నాయి. ఎందుకన్నా?

ఒంగోలు_గిత్త:
మీరు స్క్వాష్ మర్జ్ (బ్రాంచ్‌లోని మార్పులన్నీ ఒకటిగా చేసి కలపడం) చేస్తున్నట్టున్నారు. ఆ కమాండ్ చూసేది ఒక్కటే: బ్రాంచ్ చివరి కమిట్ (నమోదైన మార్పు) మెయిన్ చరిత్రలో ఉందా లేదా అని. స్క్వాష్ చేస్తే కొత్త హ్యాష్‌తో (గుర్తింపు సంఖ్యతో) కొత్త కమిట్ పుడుతుంది, పాతది బయటే ఉండిపోతుంది. అందుకే కలిపిన రోజే బ్రాంచ్ తీసేయాలి. "గిట్ బ్రాంచ్"కి చిన్న -డి (d) ఒప్పుకోకపోతే పెద్ద -డి (D) కొట్టాలి. "ఫెచ్ --ప్రూన్" రిమోట్ (సర్వర్ కాపీ) బ్రాంచ్‌ల గుర్తుల్ని మాత్రమే తుడుస్తుంది, మీ మిషన్‌లోని బ్రాంచ్‌ల్ని ముట్టుకోదు.

చెర్రీ-పిక్‌లకైతే: "గిట్ చెర్రీ -వి మెయిన్ స్టేబుల్-2.3". మైనస్ ఉన్న వరుస మెయిన్‌లో ఉన్నట్టు, ప్లస్ ఉంటే లేనట్టు. పోల్చేది ప్యాచ్-ఐడీతో (మార్పు నుంచి లెక్కగట్టే గుర్తుతో), అది లైన్ నంబర్లనీ ఖాళీలనీ లెక్కలోకి తీసుకోదు. కానీ పిక్ చేసేటప్పుడు కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు మార్పులు ఢీకొనడం) వచ్చి చేత్తో సరిచేసి ఉంటే ఐడీ మారిపోతుంది, చేరినదానికీ ప్లసే చూపిస్తుంది. ఇకమీదట -ఎక్స్ లేకుండా పిక్ చేయొద్దు. అది పెడితే మూల కమిట్ హ్యాష్ మెసేజ్‌లోనే పడుతుంది, వెతుక్కోవచ్చు.

నెల్లూరు_రీబేస్:
అసలు పిక్ ఎందుకు? గిట్ ప్రాజెక్టు తన సొంత కోడ్‌కి పాటించే పద్ధతి వేరే: ఫిక్స్ అవసరమైనవాటిలో అన్నిటికన్నా పాత బ్రాంచ్‌లో వేయడం, అక్కణ్ణుంచి పైకి మర్జ్ చేసుకుంటూ పోవడం. లినక్స్ స్టేబుల్ వాళ్లది దీనికి తలకిందులు, ఫిక్స్ ముందు మెయిన్‌లైన్‌లో (వాళ్ల ముఖ్య బ్రాంచ్‌లో) ఉండాల్సిందే. మీ రెండు బ్రాంచ్‌లకి మొదటిదే సుఖం. "గిట్ లాగ్ --వన్‌లైన్ మెయిన్..స్టేబుల్-2.3" ఖాళీగా వస్తే ఏమీ మిగల్లేదన్నట్టే, ప్లస్సు మైనస్సుల గొడవ ఉండదు.

చిక్కల్లా వెర్షన్ నంబర్ పెంచిన కమిట్‌తోనే. అది మెయిన్‌లోకి రాకూడదు. "మర్జ్ -ఎస్ అవర్స్" తో దాన్ని వచ్చినట్టు చూపించవచ్చు. అయితే దానికి ముందున్న కమిట్‌లన్నీ కూడా వచ్చేసినట్టే నమోదవుతాయి, మార్పులు మాత్రం రావు! కాబట్టి దాని ముందు కమిట్ దాకా మామూలుగా మర్జ్ చేసి, ఆ ఒక్కదానికే అవర్స్ వాడండి.

కావలి_కోడర్:
చెర్రీ కొట్టాను, 4 ప్లస్‌లు. మూడు నిజంగానే చేరలేదు. సెలినిటీది మెయిన్‌లో ఉన్నట్టే కనిపిస్తోంది, కానీ ప్లస్.

ఒంగోలు_గిత్త:
కాన్‌ఫ్లిక్ట్ కేసే అయ్యుంటుంది. "గిట్ రేంజ్-డిఫ్" తర్వాత రెండు కమిట్‌ల హ్యాష్‌లూ ఇచ్చి, ఒక్కోదాని చివర ^! తగిలించండి. రెండు ప్యాచ్‌ల మధ్య తేడా చూపిస్తుంది. జత కలపకుండా విడివిడిగా చూపిస్తే --క్రియేషన్-ఫ్యాక్టర్ పెంచండి. డిఫాల్ట్ 60, 95 పెట్టి చూడండి. తేడా చుట్టుపక్కల లైన్లలోనే ఉంటే వదిలేయొచ్చు. రౌండింగ్ లైన్‌లోనే ఉంటే మాత్రం ఫిక్స్ సగమే చేరినట్టు.