అపొస్తలుల కార్యములు 15: అన్యజన విశ్వాసులకు ఆ నాలుగు నియమాలే ఎందుకు?

వాక్య విద్యార్థి (ప్రశ్న):

అందరికీ వందనాలు. మా సంఘంలో బుధవారం సాయంత్రం జరిగే వాక్య అధ్యయనంలో ఇప్పుడు అపొస్తలుల కార్యములు చదువుతున్నాము. పదిహేనవ అధ్యాయానికి వచ్చేసరికి చర్చ రెండు పాయలుగా చీలిపోయింది. అన్యజన (యూదులు కాని) విశ్వాసులకు సున్నతి అక్కరలేదని యెరూషలేము పెద్దలు తీర్మానించారు గనుక ధర్మశాస్త్రంతో మన సంబంధం అక్కడితో తీరిపోయిందని, పాత నిబంధన యూదుల గ్రంథమని, మనం కీర్తనలు, సామెతలు చదువుకుంటే చాలునని కొందరు అన్నారు. మెస్సీయను నమ్మినవారు ఇశ్రాయేలులో చేరినట్లే గనుక విశ్రాంతిదినాన్నీ పస్కానూ పర్ణశాలల పండుగనూ ఆచరించాలని మరికొందరు పట్టుబట్టారు.

నాకు ఈ రెండు మాటలూ పొసగడం లేదు. సున్నతినే విధించని పెద్దలు విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినది, జారత్వం అనే నాలుగింటిని మాత్రం ఎందుకు నిషేధించారు? యూదు విశ్వాసుల మనసు నొప్పించకుండా అప్పటికి చేసుకున్న సర్దుబాటా ఇది, లేక దీనికి లేఖనాల్లో పునాది ఉందా? పండుగ వచ్చిన ప్రతిసారీ పక్కింటివారు ప్రేమతో తెచ్చి ఇచ్చే ప్రసాదాన్ని ఏమి చేయాలో తెలియక మన ఇళ్లలో తర్జనభర్జన పడుతూనే ఉంటాము గనుక, తెలిసినవారు ఆధారాలతో వివరించగలరని కోరుతున్నాను.

బెరయవాసి:

సహోదరా, పునాది ఉంది. సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో జరిగిన ఆ సభలో మొదట పేతురు కైసరయలో అన్యజనుడైన శతాధిపతి కొర్నేలీ ఇంట జరిగినదాన్ని జ్ఞాపకం చేశాడు. తరువాత బర్నబా, పౌలు తమ ద్వారా అన్యజనులలో జరిగిన సూచకక్రియలను వివరించారు. అయినా సభ ఆ సాక్ష్యాలతోనే తీర్పుకు రాలేదు. యాకోబు లేచి, ప్రవక్తల వాక్యాలు దీనికి సరిపడుతున్నాయని చెప్పి, ఆమోసు గ్రంథం తొమ్మిదవ అధ్యాయాన్ని ఎత్తి చెప్పాడు. పడిపోయిన దావీదు గుడారాన్ని దేవుడు తిరిగి కడతాడు. ఆయన నామం ధరించిన అన్యజనులు అప్పుడు ఆయనవారవుతారు.

ఇక్కడ కాస్త నిలిచి చూడండి. దేవుని నామం ధరించిన జనం అనిపించుకోవడం ఇశ్రాయేలుకు దక్కిన ఘనత (ద్వితీయోపదేశకాండము 28:10). ఆమోసు ఆ ఘనతను అన్యజనులకు ఇస్తూ కూడా వారిని అన్యజనులనే పిలిచాడు. ముందు యూదులుగా మారి, ఆ తరువాతే దేవుని ప్రజలు కావాలన్న షరతు ఆ ప్రవచనంలో లేదు. సున్నతి విధించకూడదన్న తీర్పు ఈ లేఖనం నుండి వచ్చింది గాని లేఖనాన్ని పక్కకు నెట్టి వచ్చింది కాదు. అలాగే, దావీదు గుడారం లేవకుండా అన్యజనులు వచ్చే మార్గం కూడా ఆ ప్రవచనంలో లేదు. ఇశ్రాయేలుకు ఇచ్చిన మాట నెరవేరడం ముందు, మన చేరిక ఆ తరువాత.

ఇక నాలుగు నియమాల సంగతి. లేవీయకాండము 17, 18 అధ్యాయాలను అపొస్తలుల కార్యములు 15:29 పక్కన తెరిచి పెట్టుకుని చదవండి. 17:8-9లో యెహోవా గుడారం దగ్గరకు తేకుండా వేరే చోట బలి అర్పించడంపై నిషేధం. 17:10-12లో రక్తం తినడంపై నిషేధం. 17:13లో వేటాడి పట్టినదాని రక్తాన్ని నేలమీద ఒలికించి మట్టితో కప్పాలన్న ఆజ్ఞ. 18వ అధ్యాయంలో నిషిద్ధమైన లైంగిక సంబంధాలు. యెరూషలేము నుండి వెళ్లిన పత్రికలో కూడా వరుస ఇదే: విగ్రహార్పితం, రక్తం, గొంతు పిసికి చంపినది, జారత్వం. గొంతు పిసికి చంపితే రక్తం దేహంలోనే నిలిచిపోతుంది గనుక మూడవది 17:13కు చేరుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనదేమిటంటే, ఈ ఆజ్ఞలు ఇశ్రాయేలీయులకే గాక వారి మధ్య నివసించే పరదేశికి కూడా వర్తిస్తాయని ఆ భాగం మళ్లీ మళ్లీ చెబుతుంది (17:8, 10, 12, 13, 18:26). నోవహు సంతతి అంతటికీ వర్తిస్తాయని యూదు బోధకులైన రబ్బీలు చెప్పే ఏడు ఆజ్ఞలే దీనికి మూలమని వాదించే పండితులూ ఉన్నారు. కానీ ఆ ఏడింటి జాబితా మనకు లభించే గ్రంథాలు అపొస్తలుల కాలం తరువాతివి. పైగా లేవీయకాండముతో కుదిరినంత చక్కగా ఆ జాబితాతో ఈ నాలుగూ కుదరవు. కాబట్టి నేను లేవీయకాండము వైపే మొగ్గుతాను.

ప్రసాదం విషయంలో 1 కొరింథీయులకు 8 నుండి 10 వరకు కలిపి చదవండి. కటికి అంగడిలో అమ్మేదాన్ని విచారణ చేయకుండా తినవచ్చన్న పౌలే, ఇది అర్పించినదని ఎదుటివారు చెప్పినప్పుడు తినవద్దంటాడు. పక్కింటివారు ప్రసాదమని చెప్పే ఇస్తారు గదా. వారి ప్రేమను నొప్పించకుండా వినయంగా కారణం చెప్పి కాదనడమే నాకు సరైనదిగా తోస్తుంది.

ఒలీవ కొమ్మ:

బెరయవాసి గారి వివరణకు యాకోబు చెప్పిన చివరి మాటను చేర్చాలి. మోషే గ్రంథం ప్రతి విశ్రాంతిదినాన సమాజమందిరాల్లో చదవబడుతున్నదని, ప్రతి పట్టణంలోనూ దాన్ని ప్రకటించేవారు ఉన్నారని ఆయన అన్నాడు (15:21). యెరూషలేములో 1913లో దొరికిన థియోడోటస్ శాసనంలో, ధర్మశాస్త్రాన్ని చదవడానికీ ఆజ్ఞలను బోధించడానికీ ఆ సమాజమందిరాన్ని కట్టించినట్లు గ్రీకు భాషలో చెక్కి ఉంది. టర్కీలోని అఫ్రోడిసియాస్‌లో 1976లో బయటపడిన మరొక శాసనం కాలంలో అపొస్తలుల కన్నా తరువాతిదే అయినా, అందులో యూదుల పేర్లతోపాటు దేవభక్తిగలవారు అనే వర్గం కింద 50కి పైగా అన్యజనుల పేర్లు కనిపిస్తాయి. కొర్నేలీ వంటివారు ఇలాంటి అన్యజనులే. సువార్త తమ చెవిన పడేనాటికే వారు అబ్రాహామునూ దావీదునూ యెషయానూ ఎరుగుదురు.

పాత నిబంధన యూదుల గ్రంథం, మనకు కీర్తనలు చాలునన్న సహోదరులు రోమీయులకు 15:8-12 చదవాలని నా మనవి. పితరులకు చేసిన వాగ్దానాలను స్థిరపరచడానికి క్రీస్తు సున్నతిగలవారికి పరిచారకుడయ్యాడని పౌలు ముందు చెప్పి, అన్యజనుల స్తుతికి నాలుగు వాక్యాలు చూపిస్తాడు. రెండు కీర్తనలలోవి (18:49, 117:1), ఒకటి ద్వితీయోపదేశకాండము 32:43, ఒకటి యెషయా 11:10. అంటే హెబ్రీ లేఖనాల మూడు విభాగాల నుండీ సాక్ష్యం తెచ్చాడు. వాటిలో మోషే గీతంలోని (ద్వితీయోపదేశకాండము 32) వాక్యం నా మనసును ఎప్పుడూ పట్టి నిలుపుతుంది: జనములు ఆయన ప్రజలతో కూడా సంతోషించాలని పిలుపు. ప్రజలు ఉన్నారు, వారితో కలిసి జనములూ ఉన్నారు. ఒకరిని తొలగించి ఆ చోటులో మరొకరు కూర్చోలేదు.

పౌలు ఈ మాటను రోమాకే ఎందుకు రాశాడో కూడా చూడాలి. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి వెళ్లమని ఆజ్ఞాపించాడు. యూదు దంపతులైన అకుల, ప్రిస్కిల్ల కొరింథుకు వచ్చింది అందుకే. 54లో క్లౌదియ చనిపోయాక యూదు విశ్వాసులు తిరిగి వచ్చేసరికి, అక్కడి సంఘాలు అన్యజనుల చేతుల్లో నడుస్తూ ఉండవచ్చు. 57 ప్రాంతంలో రాసిన ఈ పత్రికలో, అంటుకట్టబడిన అడవి ఒలీవ కొమ్మ, అంటే అన్యజన విశ్వాసి, విరిచివేయబడిన కొమ్మల మీద అతిశయించరాదని, ఆ చెట్టు వేరు తనను మోస్తున్నదని అంత గట్టిగా హెచ్చరించడం ఊరకనే జరగలేదు. ఆ హెచ్చరికను చెవిని పెట్టని రెండవ శతాబ్దపు బోధకుడు మార్కియోను ఇశ్రాయేలు లేఖనాలను పూర్తిగా తోసిపుచ్చితే, 144లో రోమా సంఘం అతణ్ణి వెలివేసింది. అన్యజనులే అధికంగా ఉన్న సంఘం యూదుల లేఖనాలను వదులుకోనని చెప్పిన ఆ రోజుకు మనమందరం ఋణపడి ఉన్నాము.

లేఖన పాఠకుడు:

చర్చ బాగుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలనిపించింది. వేరు ఒకటే అన్నంత మాత్రాన, నేటి యూదులు మనం చదివినట్లే ఈ వాక్యాలను చదువుతారని అనుకోకూడదు. యెషయా 53లోని బాధననుభవించే సేవకుణ్ణి ఇశ్రాయేలు జనాంగంగా గ్రహించడం వారిలో బలంగా ఉన్న వ్యాఖ్యానం. ఫ్రాన్సులోని ట్రోయెస్ నగరానికి చెందిన యూదు వ్యాఖ్యాత రాషి (1040-1105) అలాగే వ్యాఖ్యానించాడు. అంతకు ఎంతో ముందు, మూడవ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెను కూడా తాను వాదించిన యూదులు ఇదే అర్థం చెప్పారని రాశాడు. మెస్సీయ వస్తే దేవాలయం నిలబడాలి, చెదిరిన ఇశ్రాయేలు సమకూడాలి అని 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిదెసు నిర్దేశించిన గుర్తులు వారికి ఈనాటికీ ప్రమాణం. నేను యేసును మెస్సీయగా నమ్ముతాను. అయితే వారి చదువును మొండితనమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ఆ లేఖనాలను అక్షరం తప్పకుండా తరతరాలుగా నకలు చేసి కాపాడింది వారే. 1947 నుండి మృతసముద్ర తీరంలోని కుమ్రాను గుహల్లో దొరికిన చుట్టలలో, క్రీస్తుకు వంద సంవత్సరాలకు పైగా ముందే రాసిన యెషయా గ్రంథం 66 అధ్యాయాలతో ఏడు మీటర్లకు పైబడిన పొడవున ఉంది. మనం చేతపట్టుకునే యెషయా గ్రంథం ఆ లేఖకుల శ్రమ గుండా వచ్చినదే.

వాక్య విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. లేవీయకాండము 17ను పక్కన పెట్టుకుని చదివాను. వరుస సరిపోవడం నిజంగా ఆశ్చర్యపరిచింది. ఒక్క సందేహం మిగిలింది. నిర్గమకాండము 20:10లో విశ్రాంతిదినం పరదేశికి కూడా ఉంది, 12:48లో పస్కా ఆచరించదలచిన పరదేశికి సున్నతి ఉంది. మరి పెద్దలు వాటిని ఎందుకు వదిలివేశారు?

బెరయవాసి:

మంచి ప్రశ్న అడిగారు. 12:48ను నిదానంగా చదివితే, పస్కా ఆచరించగోరిన పరదేశికే సున్నతి అవసరం. అంటే సున్నతి లేకుండానే ఇశ్రాయేలు మధ్య నివసించే పరదేశి ఉండవచ్చునని ధర్మశాస్త్రమే ఒప్పుకుంటున్నది. యెరూషలేము తీర్పుకు ఇది అడ్డం కాదు, బలమే. విశ్రాంతిదినం విషయం ఇంత తేలిక కాదు. 20:10లో ఆజ్ఞ ఇంటి యజమానికి. అతని కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, ఇంటనున్న పరదేశి ఆ రోజున విశ్రమించాలి. లేవీయకాండము 17, 18లోనైతే పరదేశి తానే నేరుగా బాధ్యుడు, మీరితే శిక్ష అతనికే. ఈ తేడా వల్లనే పెద్దలు ఆ ఆజ్ఞను చేర్చలేదని నేను అనుకుంటున్నాను. దీనితోపాటు జెకర్యా 2:11 కూడా చూడండి: అన్యజనులు యెహోవాను హత్తుకుని ఆయన జనులవుతారని, ఆయన సీయోను మధ్య నివసిస్తాడని అక్కడ ఉంది. ఆ దినం వచ్చిందని నమ్మిన పెద్దలు, ఇశ్రాయేలు మధ్య ఉండే పరదేశికి మోషే చెప్పిన ఆజ్ఞలనే వెదకడం సహజం. మీ సంఘంలో పండుగలు ఆచరించాలనుకునే సహోదరులను అడ్డగించనవసరం లేదు. వారు దాన్ని ఇతరులపై విధించనంత వరకు రోమీయులకు 14:5-6 ఇద్దరికీ చోటిస్తుంది. వచ్చే బుధవారం వీలైతే ఆమోసు 9, లేవీయకాండము 17, జెకర్యా 2 అధ్యాయాలను సభలో బిగ్గరగా చదివించి, ఆ తరువాతే అపొస్తలుల కార్యములు 15 తెరవండి.