హాల్లో మీడియా సర్వర్ రాత్రిళ్లు రొద పెడుతోంది, ఎలా తగ్గించాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది కాకినాడ, రెండు బెడ్‌రూముల ఫ్లాటు. పాత డెస్క్‌టాప్‌నే మీడియా సర్వర్‌గా వాడుతున్నాను. మూడో తరం ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్, సిస్టమ్ కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ, 4 టీబీ హార్డ్‌డిస్కులు రెండు (7200 ఆర్‌పీఎంవి), ఉబుంటు మీద జెల్లీఫిన్ (ఇంట్లోని వీడియోలని టీవీకి, ఫోన్లకి పంపే ప్రోగ్రామ్). డిస్కులు రెండూ కలిపి 3 టీబీ దాకా నిండాయి. టీవీ కింద ప్లైవుడ్ యూనిట్‌లో పెట్టి తలుపు మూసేశాను. ఇంట్లో పెళ్లిళ్ల డీవీడీలు, నాన్నగారు క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న హరికథలు, కొనుక్కున్న సినిమా డిస్కులు, ఫోన్లలో ఫొటోలు, అన్నీ అందులోనే ఉన్నాయి.

నాన్నగారు హాల్లోనే దివాన్ మీద పడుకుంటారు. పగలు ఏమీ తెలియదు గానీ, రాత్రి పది దాటి ఇల్లు సద్దుమణిగాక సన్నటి హోరు, మధ్యమధ్యలో డిస్కు కిర్రుమనడం వినిపిస్తాయి. కొన్ని వీడియోలు పెడితే రెండు నిమిషాల్లో ఫ్యాన్ గట్టిగా అరుస్తుంది, కొన్నింటికి అసలు చప్పుడే ఉండదు. తెల్లవారుజామున ఎవరూ ఏమీ చూడకపోయినా డిస్కులు తిరుగుతూనే ఉంటాయి. ఆయనకి నిద్ర పట్టడం లేదు. ఫ్యాన్ లేని మినీ పీసీ కొనమంటారా? రాస్ప్‌బెర్రీ పై సరిపోతుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు

ఇప్పుడే ఏమీ కొనకండి. ఫ్యాన్ లేని పెట్టె తెచ్చి దానికి ఇవే డిస్కులు తగిలిస్తే కిర్రుకిర్రులు అలాగే ఉంటాయి. మీరు చెప్పినదాంట్లో మూడు వేరువేరు చప్పుళ్లున్నాయి, దేని మందు దానిదే.

ముందు అరిచే ఫ్యాన్ సంగతి. మూడో తరం ఐ5 అంటే 2012 నాటిది. వీడియోని కుదించే పద్ధతుల్లో (వీటినే కోడెక్‌లు అంటారు) దాని గ్రాఫిక్స్‌కి పాత హెచ్‌.264 వచ్చు గానీ తర్వాత వచ్చిన హెచ్‌ఈవీసీ రాదు. మీ ఫైల్ హెచ్‌ఈవీసీలో ఉండి, చూసే పరికరానికి అది చేతకాకపోతే, జెల్లీఫిన్ అప్పటికప్పుడు వీడియోని మార్చి పంపాలి. ఆ పని మొత్తం సీపీయూ మీద పడుతుంది, నాలుగు కోర్లూ నూటికి నూరు శాతం నడుస్తాయి, ఫ్యాన్ అరుస్తుంది. చప్పుడు రాని వీడియోలు బహుశా హెచ్‌.264వి అయ్యుంటాయి.

ఫ్యాన్ అరుస్తున్నప్పుడు జెల్లీఫిన్ డాష్‌బోర్డ్ తెరిచి చూడండి. నడుస్తున్న వీడియో దగ్గర డైరెక్ట్ ప్లే (ఉన్నది ఉన్నట్టు పంపడం) అనో ట్రాన్స్‌కోడ్ (మార్చి పంపడం) అనో ఉంటుంది. ట్రాన్స్‌కోడ్ అని ఉంటే పక్కనున్న సమాచారం గుర్తు నొక్కితే కారణం కూడా చెబుతుంది. సాధారణంగా కనిపించేవి మూడు. వీడియో కోడెక్ పడకపోవడం ఒకటి. ఆడియో పడకపోవడం ఇంకొకటి, ముఖ్యంగా సినిమా డిస్కుల్లో వచ్చే డీటీఎస్ అనే ఆడియో. దీనికి కంగారు పడక్కర్లేదు, ఆడియో ఒక్కటే మార్చడం పాత సీపీయూకి కూడా తేలిక పనే. మూడోది సబ్‌టైటిల్స్. డీవీడీ, బ్లూరే నుంచి వచ్చే సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని టీవీ యాప్ చూపించలేకపోతే సర్వరే వీడియో మీద అచ్చు వేసి పంపాలి, అంటే వీడియో మొత్తం మళ్లీ తయారవ్వాలి. వాటి బదులు మామూలు అక్షరాలుండే ఎస్‌ఆర్‌టీ ఫైలు పెట్టండి. తెలుగువైతే యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయి.

ఒక మాట అడుగుతాను, టీవీలో దేని ద్వారా చూస్తున్నారు? బ్రౌజర్ ద్వారా అయితే అదే అసలు దోషి కావచ్చు. బ్రౌజర్ ఒప్పుకోని హెచ్‌ఈవీసీని అదే టీవీలో జెల్లీఫిన్ యాప్ మామూలుగా ఆడించేస్తుంది.

ఇక తెల్లవారుజామున తిరిగే డిస్కులు. జెల్లీఫిన్ డాష్‌బోర్డ్‌లో షెడ్యూల్డ్ టాస్క్స్ అని ఉంటుంది. చాప్టర్ బొమ్మలు తీయడం, వీడియోని జరిపేటప్పుడు కనిపించే చిన్న బొమ్మలు తయారుచేయడం లాంటివి అందులో ఉంటాయి. ఇవి మొదటి సెట్టింగుల్లో తెల్లవారుజామునే నడుస్తాయి. ఎవరూ వాడని వేళ అని అలా పెట్టారు గానీ, సర్వర్ పక్కనే మనిషి పడుకునే ఇంటికి అది పనికిరాదు. పగలు 11కి మార్చండి. లైబ్రరీ స్కాన్ కూడా కొన్ని గంటలకోసారి దానంతటదే నడుస్తుంది, దాన్ని రోజుకి ఒక్కసారి, పగటిపూట చాలు అని పెట్టండి.

ఆ తర్వాత డిస్కులని నిద్రపుచ్చాలి. హెచ్‌డీపార్మ్ అనే ఉబుంటు ఆజ్ఞలో పెద్ద ఎస్ (-S) విలువ 241 ఇస్తే అరగంట, 242 ఇస్తే గంట ఖాళీగా ఉన్నాక డిస్కు ఆగుతుంది. మరీ పది నిమిషాలు పెట్టకండి, ఊరికే ఆగుతూ లేస్తూ ఉండటం డిస్కుకి మంచిది కాదు. యూఎస్‌బీ పెట్టెలో ఉన్న డిస్కులు కొన్ని ఈ ఆజ్ఞ వినవు, వాటికి హెచ్‌డీ-ఐడిల్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఆగిన డిస్కు మళ్లీ లేవడానికి పది సెకన్ల దాకా పడుతుంది, సినిమా నొక్కగానే రాలేదని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడకుండా ముందే చెప్పి ఉంచండి. ఇంత చేసినా డిస్కు ఆగకపోతే డిస్కు ఆరోగ్యం చూసే స్మార్ట్ పరీక్షలు చేసే స్మార్ట్‌డీ అనే ప్రోగ్రామ్ దాన్ని లేపుతూ ఉండొచ్చు. దాని సెట్టింగ్‌లో ‘స్టాండ్‌బైలో ఉంటే వదిలేయి’ అనే వీలుంది, అది పెట్టండి. డిస్కుని నోఎటైమ్ అనే సెట్టింగ్‌తో మౌంట్ చేస్తే (సిస్టమ్‌కి కలిపితే), ఫైలు ఎప్పుడు చదివారో గుర్తుపెట్టుకునే చిన్న రాతలు కూడా ఆగిపోతాయి.

ఆ డెస్క్‌టాప్ కొని ఎన్నేళ్లయినా సరే, ఒకసారి విప్పి దుమ్ము ఊది, సీపీయూ మీద థర్మల్ పేస్ట్ మార్పించండి. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకోగల మూల సెట్టింగుల్లో) ఫ్యాన్ వేగం ఉష్ణోగ్రతని బట్టి మారేలా పెట్టుకోవచ్చు.

మరొకరి జవాబు

పైవారు చెప్పినదంతా సరైనదే. నాకు మాత్రం మీ ప్లైవుడ్ యూనిట్ మీదే అనుమానం. 7200 డిస్కు చేసే చప్పుడు కన్నా అది పుట్టించే అదురు ఎక్కువ. ఆ అదురుని డొల్లగా ఉన్న ప్లైవుడ్ డోలు చర్మంలా పెంచేస్తుంది. పరీక్ష చాలా తేలిక. రాత్రి పూట సీపీయూ పెట్టెని రెండు చేతులతో పట్టుకుని అర అంగుళం పైకి ఎత్తండి. నిలబెట్టి ఉన్నదాన్ని వంచకుండా, కుదుపు లేకుండా ఎత్తాలి, డిస్కులు తిరుగుతుంటాయి కదా. హోరు ఒక్కసారిగా తగ్గితే సమస్య డిస్కుది కాదు, అది నిలబడ్డ చోటుది. కింద మందపాటి రబ్బరు షీటో, పాత యోగా మ్యాట్ ముక్కలు నాలుగో పెట్టండి. డిస్కు బిగించిన స్క్రూల దగ్గర రబ్బరు వాషర్లు వేయించండి.

తలుపు మూసి ఉంచడం మానేయండి. చప్పుడు తగ్గుతుందని మూస్తాం గానీ లోపల గాలి వేడెక్కుతుంది, ఫ్యాన్ ఇంకా గట్టిగా తిరుగుతుంది. మన దగ్గర మే నెలలో గదిలోనే 36, 38 డిగ్రీలుంటే మూసిన గూట్లో ఎంతుంటుందో ఆలోచించండి. ఎక్కువ హార్డ్‌డిస్కులకి కంపెనీవాళ్లు చెప్పే గరిష్ఠ పరిమితి 60 డిగ్రీలు. స్మార్ట్‌సీటీఎల్ అనే ఆజ్ఞతో చూస్తే డిస్కు వేడి తెలుస్తుంది, 50 దాటుతుంటే చోటు మార్చాల్సిందే.

అసలు సర్వర్ టీవీ పక్కనే ఉండాలని ఎక్కడుంది? ల్యాన్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. రౌటర్ దగ్గర నుంచి స్టోర్ గదికో, గుమ్మం పక్క చెప్పుల షెల్ఫ్ పైకో ఒక క్యాట్6 కేబుల్ లాగితే హాల్లో చప్పుడే ఉండదు. రెండు చోట్లు మాత్రం వద్దు. పై అంతస్తు ఫ్లాటైతే అటక మీద పెట్టకండి, స్లాబు వేడికి మాడిపోతుంది. వంటింట్లోనూ వద్దు, పోపుల నూనె జిడ్డు ఫ్యాన్ రెక్కలకి పట్టి దుమ్ముతో కలిసి గడ్డకడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్సండీ. మీరన్నట్టే టీవీ బ్రౌజర్‌లోనే చూస్తున్నాం. ప్లే స్టోర్ నుంచి జెల్లీఫిన్ యాప్ ఎక్కించాక, మొన్నటిదాకా ట్రాన్స్‌కోడ్ అని చూపించిన ఫైళ్లు ఇప్పుడు డైరెక్ట్ ప్లే అంటున్నాయి, ఫ్యాన్ కదల్లేదు. ఎత్తి చూశాను, హోరు నిజంగానే సగానికి సగం తగ్గింది. రబ్బరు షీట్ తెచ్చి వేస్తాను. టాస్కుల వేళలు మార్చాను. గోడలు కన్సీల్డ్ పైపులతో ఉన్నాయి కాబట్టి కేబుల్ లాగించడం కొంచెం ఆలోచించాలి.

రెండు మాటలు మిగిలాయి. డిస్కు కిర్రుకిర్రు ఇంకా ఉంది. కరెంటు బిల్లు కోసమైనా ఈ డెస్క్‌టాప్ మార్చాలనుకుంటున్నాను, ఏది తీసుకోమంటారు?

మొదటి జవాబు ఇచ్చినవారు

డిస్కు విషయంలో నా మాట వినండి. మీ సరుకు మొత్తం 3 టీబీ, డిస్కు ఒక్కొక్కటి 4 టీబీ. అంటే అంతా ఒక్కదాంట్లోనే పడుతుంది. ఒకదాంట్లోకి సర్ది, రెండోదాంట్లోకి మొత్తం కాపీ చేసి, సరిచూసుకుని, ఆ రెండోదాన్ని విప్పేసి బీరువాలో పెట్టండి. సముద్రం పక్క ఊరు కాబట్టి యాంటీస్టాటిక్ కవర్లో సిలికా జెల్ పొట్లం వేయండి. నెలకోసారి తీసి ఆర్‌సింక్ (మారినవి మాత్రమే కాపీ చేసే ప్రోగ్రామ్)తో కొత్తవి కలపండి. తిరిగే డిస్కు ఒకటి తగ్గుతుంది, ఇప్పటిదాకా లేని బ్యాకప్ కూడా వస్తుంది. సినిమా పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, పెళ్లి వీడియో, నాన్నగారి హరికథలు పోతే ఎక్కడా దొరకవు.

కొత్తది కొనేటప్పుడు ఇంటెల్ ఎన్100 ఉన్న మినీ పీసీ మీకు బాగా సరిపోతుంది. 2023లో వచ్చిన చిప్, నాలుగు కోర్లు, టీడీపీ (చిప్ పుట్టించే వేడి లెక్క) 6 వాట్లు. 10 బిట్ హెచ్‌ఈవీసీని (రంగుల వివరం ఎక్కువున్న రకం), ఇంకా కొత్తదైన ఏవీ1 కోడెక్‌ని గ్రాఫిక్సే చదివేస్తుంది, జెల్లీఫిన్‌లో దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ ప్లెక్స్‌లో అయితే హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కి ప్లెక్స్ పాస్ కొనాలి. సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదంటే సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల సముదాయం) లాంటి చోట్ల ఆఫీసుల నుంచి వచ్చిన చిన్న డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. ఏడో తరం లేదా ఆ తర్వాతదే తీసుకోండి. ఆరో తరం వరకు 10 బిట్ హెచ్‌ఈవీసీ పూర్తిగా హార్డ్‌వేర్‌లో నడవదు. షాపులో ఆన్ చేయించి చెవి దగ్గర పెట్టుకుని వినండి, చిన్న ఫ్యాన్ బేరింగ్ అరిగితే సన్నగా ఈలలా వస్తుంది.

ఉబుంటు వేశాక జెల్లీఫిన్ యూజర్‌ని రెండర్ గ్రూప్‌లో (గ్రాఫిక్స్ వాడుకునే అనుమతి ఉన్న జాబితాలో) చేర్చడం మర్చిపోవద్దు. అది చేయకపోతే గ్రాఫిక్స్ ఉన్నా వాడుకోలేదు, మళ్లీ సీపీయూ మీదే పడుతుంది.

రాస్ప్‌బెర్రీ పై 5 వద్దు. దానికి హార్డ్‌వేర్ వీడియో ఎన్‌కోడర్ లేదు, కాబట్టి వీడియో మార్చే పనంతా సీపీయూ మీదే పడుతుంది. పూర్తిగా ఫ్యాన్ లేని పెట్టె కూడా కోస్తా ఎండల్లో నాకు నచ్చదు. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ ఉన్నదే హాయి.

కరెంటు లెక్క ఇలా చూసుకోండి. రోజంతా సగటున 50 వాట్లు లాగే డెస్క్‌టాప్ నెలకి 36 యూనిట్లు, 10 వాట్లు లాగే మినీ పీసీ 7.2 యూనిట్లు.

డాలస్ నుంచి ఒకరు

నాదీ ఇలాంటి ప్రశ్నే అన్నా. గుంటూరులో అమ్మావాళ్లింట్లో సర్వర్ ఉంది. ఇక్కడి నుంచి పండగల వీడియోలు చూద్దామంటే అసలు కనెక్టే అవ్వడం లేదు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి సర్వర్‌కి దారి తెరవడం) కూడా పెట్టించాను.

మొదటి జవాబు ఇచ్చినవారు

తమ్ముడూ, అక్కడి ఇంటర్నెట్ కనెక్షన్ సీజీనాట్ వెనక ఉండి ఉంటుంది, అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతారు. అప్పుడు పోర్ట్ ఫార్వార్డింగ్ ఎంత చేసినా లాభం లేదు. రౌటర్ చూపించే వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు ఉండే చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే అదే సంగతి. టెయిల్‌స్కేల్ (దూరంగా ఉన్న పరికరాలని ఒకే నెట్‌వర్క్‌లా కలిపే ప్రోగ్రామ్) రెండు వైపులా వేయండి, ఇంటి వాడకానికి ఉచితం, ఏ పోర్టూ తెరవక్కర్లేదు. నేరుగా కలవలేనప్పుడు అది వాళ్ల మధ్యవర్తి సర్వర్ల (రిలేల) ద్వారా పంపుతుంది, అప్పుడు వీడియో ఆగి ఆగి వస్తుంది. జెల్లీఫిన్‌లో ఇంటర్నెట్ బిట్‌రేట్‌ని 3 ఎంబీపీఎస్‌కి కుదించి చూడు. అలా చేస్తే సర్వర్ ట్రాన్స్‌కోడ్ చేయాల్సి వస్తుంది. మీకు రాత్రి ఎనిమిదంటే అక్కడ పొద్దున ఆరున్నరో ఏడున్నరో అవుతుంది కాబట్టి అమ్మావాళ్ల నిద్రకేం ఇబ్బంది లేదు. గంటల కొద్దీ ఉన్న పెళ్లి వీడియోలైతే సింక్‌థింగ్ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రామ్‌తో ఫైలే తెప్పించుకోవడం మేలు.

ప్రశ్న అడిగినవారు

డిస్కు ఒకటి విప్పేశాను, ఎన్100 ఆర్డర్ పెట్టాను. ఒక్క సందేహం. పెళ్లి డీవీడీలు మాత్రం యాప్‌లో కూడా ట్రాన్స్‌కోడే అంటున్నాయి, మనుషులు కదిలితే అడ్డగీతలు పడుతున్నాయి. ఇంకోటి, కరెంటు పోయి వస్తే సర్వర్ దానంతటది లేవడం లేదు.

రెండో జవాబు ఇచ్చినవారు

రెండోదానికి ముందు చెబుతాను. బయాస్‌లో ‘రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ లాంటి పేరుతో ఒకటి ఉంటుంది, దాన్ని పవర్ ఆన్‌కి మార్చండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే ఆ కొద్ది సమయానికే కంప్యూటర్ ఆగిపోతుంది, తిరుగుతున్న డిస్కుకి అది చాలా చేటు.

డీవీడీల సంగతికొస్తే, మన దగ్గర తీసినవి చాలావరకు పాల్ అనే టీవీ పద్ధతివి, 720x576, పాత ఎంపెగ్-2 కోడెక్, ఒక్కో ఫ్రేమ్‌లో బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు తర్వాతి క్షణానివి. అందుకే కదలికలో దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. వీటిని ప్రతిసారీ సర్వర్‌తో మార్పించే బదులు ఒక్కసారి మార్చి పెట్టేసుకోండి. హ్యాండ్‌బ్రేక్ (వీడియోలు మార్చే ప్రోగ్రామ్)లో డీఇంటర్‌లేస్‌కి (ఆ గీతలు పోగొట్టడానికి) బీడబ్ల్యూడిఫ్, దాని ప్రీసెట్‌లో బాబ్ ఎంచుకోండి, ఫ్రేమ్ రేట్ 50 పెట్టండి, హెచ్‌.264లో క్వాలిటీ విలువ 18. 50 ఫ్రేములైతే బరాత్‌లో డ్యాన్సులు కూడా తెగకుండా సాఫీగా కదులుతాయి. గీతలు పడి చదవని డిస్కులుంటే ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఐఎస్‌ఓ (డిస్కు మొత్తానికి ఒకే ఫైలుగా నకలు) తీసుకోండి, చదవగలిగినంతా చదివి, పాడైన చోటికి మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ ఐఎస్‌ఓలు చెరపకండి, బీరువాలో పెట్టే డిస్కులో ఉంచండి. ఈ మార్పిడి పని కొత్త పెట్టె వచ్చేదాకా ఆగక్కర్లేదు, నాన్నగారు బయటికి వెళ్లిన సమయం చూసి ఇప్పుడున్న డెస్క్‌టాప్‌తోనే పగలు ఒక్కో డిస్కూ కానిచ్చేయండి.