కాసినిని శనిలోకి ఏం చేశారు? ఒక క్రియాపదం కావాలి

మిత్రులారా, మా బడి సైన్స్ గోడపత్రికకు పిల్లలతో కలిసి కాసిని నౌక గురించి రాస్తున్నాం. 1997 అక్టోబరు 15న భూమి నుంచి బయలుదేరి, 2004 జులైలో శనిగ్రహం కక్ష్యలోకి చేరి, పదమూడేళ్లు అక్కడే తిరిగిన నౌక అది. ఇంధనం అడుగంటే రోజు వస్తుందని తెలిసి, దాన్ని చివరికి ఏం చేయాలో నాసా వాళ్లు ఏళ్ల ముందు నుంచే ఆలోచించారు. 2017 సెప్టెంబరు 15న శని వాతావరణంలోకే పంపారు. అక్కడే కాలిపోయింది.

ఆ పనికి తెలుగులో ఏమనాలి అన్నదగ్గర ఆగిపోయాం. పిల్లలు ‘కూలిపోయింది’, ‘కూల్చేశారు’, ‘రిటైర్ అయింది’, ‘ఆత్మాహుతి చేసుకుంది’ అని తలా ఒకటి రాసుకొచ్చారు. కూలిపోయింది అంటే ప్రమాదం జరిగిందనుకుంటారు. కూల్చేశారు అంటే శత్రువు విమానం గుర్తొస్తుంది. రిటైర్ అయింది అంటే ఇంకా ఎక్కడో ఉందనే కదా అర్థం. ఆత్మాహుతి మాట పిల్లలకు భలే నచ్చింది కానీ నాకు అసలు మింగుడుపడటం లేదు. ఆ నౌకకు మనసు లేదు, త్యాగం చేయాలన్న కోరికా లేదు. కూర్చుని, లెక్కలు వేసి, బాధపడి నిర్ణయం తీసుకున్నది మనుషులు. ఆత్మాహుతి అనగానే ఆ మనుషులు వాక్యంలోంచి మాయమైపోతున్నారు. కర్త నిలిచి ఉండే క్రియ కావాలి. మీ ఊళ్లలో వాడే మాటలైనా సరే, చెప్పండి.

మహబూబ్‌నగర్ నుంచి ఒక మిత్రుడు: సార్, మాట సంగతి తర్వాత. ముందు ఆ పనే నాకు సమజ్ కాలేదు. మా పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించి బతికించుకున్నాం. మంచిగ పనిచేస్తున్న నౌకను ఎందుకు కాల్చాలె? అట్లనే తిరగనిస్తే ఏం పోయేది?

నేను: అన్నా, మర్రి దగ్గరికి మనిషి పోగలడు. కాసిని ఆ చివరి రోజు మనకు దాదాపు 150 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని మాట మన దాకా రావడానికే 83 నిమిషాలు పట్టేది. ఇంధనం నింపి రావడం కుదరదు. ఇంధనం అయిపోతే నౌక మాట వినదు, దారి మార్చుకోలేదు. అప్పుడది శని చుట్టూ తిరుగుతూ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక ఉపగ్రహానికి గుద్దుకోవచ్చు.

నాసా వాళ్లు వేరే దారులూ చూశారు. ఎక్కడా తగలని పెద్ద కక్ష్యలో వదిలేయడం, శనిని విడిచి ఇంకో గ్రహం వైపు పంపడం కూడా లెక్కలు వేశారు. ఇంకో గ్రహానికి పోవాలంటే పదుల ఏళ్లు పట్టేది. శనిలోకే పంపితే మాత్రం, పోయేలోపు వలయాలకూ గ్రహానికీ మధ్య ఉన్న సందులోంచి 22 సార్లు తిరిగే అవకాశం దొరికింది. అంతకుముందు ఏ నౌకా ఆ సందులోకి పోలేదు. వలయాల బరువెంతో, శని లోపల ఎట్లా ఉంటుందో కొలవడానికి ఆ చుట్లు పనికొచ్చాయి. అందుకే ఆ నిర్ణయం నాకు సరైనదే అనిపిస్తుంది. నౌక ఇంకా మన మాట వింటున్నప్పుడే తీసుకున్నారు, అది ముఖ్యం.

సూర్యాపేట నుంచి ఒక తెలుగు పండితులు: ‘నిమజ్జనం’ అనండి. మనకు ఇంతకన్నా తెలిసిన మాట లేదు. శనికి గట్టి నేల లేదు, పైనంతా వాయువే. నౌక అందులో మునిగి, కరిగి, ఆ గ్రహంలో భాగమైపోయింది. పూజ అయ్యాక ప్రతిమను నీటిలో కలిపే భావం సరిగ్గా సరిపోతుంది. భక్తీ ఉంది, తుది వీడ్కోలూ ఉంది.

మిర్యాలగూడ నుంచి డిగ్రీ చదివే అమ్మాయి: నమస్తే సార్, మాట చాలా అందంగా ఉంది. కానీ ఇక్కడ అది అర్థాన్ని తలకిందులు చేస్తుందేమో. నిమజ్జనం అంటేనే నీళ్లు. వాళ్లు అంత కష్టపడింది నౌక నీళ్లలో పడకుండా చూడటానికే కదా! శని ఉపగ్రహం ఎన్సెలడస్ దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి, మంచు రేణువులు ఎగజిమ్ముతున్నాయని కాసినియే 2005లో చూసింది. మంచు పెంకు కింద ఉప్పునీటి సముద్రం ఉందని ఆ తర్వాత తేలింది. 2015 అక్టోబరులో నౌక ఆ జల్లులోంచే దూసుకుపోయింది. అప్పుడు దొరికిన కొలతల్లో హైడ్రోజన్ కూడా ఉందని 2017 ఏప్రిల్‌లో ప్రకటించారు. మన సముద్రాల అడుగున అలాంటి హైడ్రోజనే తిని బతికే సూక్ష్మజీవులు ఉన్నాయి. అంటే అక్కడ జీవం ఉండే వీలుంది. భూమి నుంచి వెళ్లిన నౌక మీద మన సూక్ష్మజీవులు ఇంకా మిగిలి ఉంటే, అది పోయి ఆ సముద్రంలో పడితే ఎట్లా? రేపు అక్కడ జీవం కనిపిస్తే, అది అక్కడిదా మనం తీసుకుపోయిందా అని ఎప్పటికీ తేల్చలేం.

సూర్యాపేట పండితులు: బాగా చెప్పావు తల్లీ. అయితే నిమజ్జనం వద్దు. నీళ్లను కాపాడినవాళ్ల గురించి చెబుతూ నీళ్లలో ముంచారని రాయకూడదు.

దేవరకొండ నుంచి ఒక అక్క: మధ్యలో ఒక మాట. మన సూక్ష్మజీవులు అక్కడ కలవకుండా చూసుడును ‘కలుషితం కాకుండా’ అని రాస్తరు గదా, దానికి మనకు ఇంకా మంచి మాట ఉంది: ఎంగిలి. కలుషితం అంటే ఫ్యాక్టరీ పొగ, మురికినీళ్లు గుర్తొస్తాయి. ఇక్కడ భయం మురికి గురించి కాదు గదా. ఒకరి నోటిది ఇంకొకరిదాంట్లో కలిస్తే ఎంగిలి. మన భూమి నోటిది ఎన్సెలడస్ నీళ్లల్ల కలవకుండా చూసిన్రు. ‘ఎన్సెలడస్‌ను ఎంగిలి చేయొద్దని’ అంటే మూడో తరగతి పిల్లకు కూడా తెలుస్తది.

నేను: అక్కా, దీన్ని గోడపత్రికలో పెట్టేస్తున్నాను. గ్రహాల మీదికి మన జీవులను చేర్చకూడదన్న నియమాన్ని ‘గ్రహ రక్షణ’ అని రాస్తుంటారు. అది చదివి పిల్లలు ఉల్కల నుంచి కాపాడటమేమో అనుకుంటున్నారు. ఇంకొందరికి గ్రహశాంతి గుర్తొస్తుంది, అందులోనూ ఇది శని వ్యవహారం. ఎంగిలి అంటే ఆ తికమక లేదు.

అచ్చంపేట నుంచి ఒక మిత్రుడు: ఎంగిలి మాటకు ఒక ఆక్షేపణ. ఎంగిలి మెతుకులు, ఎంగిలి విస్తరాకులు అంటూ కొందరిని అవమానించిన చరిత్ర ఆ మాటకుంది. గోడ మీద రాసే ముందు ఆలోచించండి. రెండోది, 2005 జనవరి 14న హైగెన్స్ అనే పరికరాన్ని శని మరో ఉపగ్రహం టైటన్ మీద దింపిందీ ఈ నౌకే. ఆ ఎంగిలి ఎప్పుడో అయిపోలేదా?

దేవరకొండ అక్క: తమ్ముడూ, ఆ బాధ నిజమే, కాదనను. కానీ మన బతుకమ్మ పండుగ మొదలయ్యేదే ఎంగిలిపూలతో. తల్లి కొరికి పెట్టిన ముక్కను బిడ్డ తింటది. ఆ మాటను అవమానానికే వదిలేస్తే మనకు మిగిలేది ఏంది?

నేను: రెండో ప్రశ్న మంచిది. హైగెన్స్ మొదటి నుంచీ టైటన్ మీద దిగడానికే తయారైంది. ఆ నేల మీద చలి మైనస్ 179 డిగ్రీలు, నీళ్లు రాయిలా గడ్డకట్టి ఉంటాయి. ఎన్సెలడస్‌లో ఉన్నది పారే నీరు. కాసిని బయలుదేరినప్పుడు ఆ సముద్రం సంగతి ఎవరికీ తెలియదు. బృహస్పతి దగ్గర గెలీలియో నౌకకూ ఇదే జరిగింది. ఆ గ్రహపు ఉపగ్రహం యూరోపా మంచు కింద సముద్రం ఉందన్న ఆధారాలు తెచ్చిందీ అదే, ఆ యూరోపాకు తగలకుండా 2003 సెప్టెంబరు 21న బృహస్పతిలోకి పోవాల్సి వచ్చిందీ అదే. ఏ నీటిని కనిపెట్టాయో ఆ నీటి కోసమే రెండూ పోయాయి.

నాగర్‌కర్నూల్ నుంచి ఒక విలేకరి మిత్రుడు: అసలు క్రియకు వద్దాం. ‘సాగనంపారు’ అంటే ఎట్లుంటది?

మిర్యాలగూడ అమ్మాయి: నాకు చాలా నచ్చింది అన్నా. కానీ పేపర్లలో ‘మంత్రిని సాగనంపారు’ అని రాస్తారు కదా, వదిలించుకున్నారనే అర్థంలో?

విలేకరి మిత్రుడు: నిజమే, మేమే ఆ మాటను అట్ల వాడి పాడుచేసినం. కానీ ఊళ్లో ఇప్పటికీ ఆడబిడ్డను సాగనంపుతరు, పోయినవాళ్లనూ సాగనంపుతరు. ముందు ‘తోడుండి’ అని చేర్చు చెల్లె, పేపర్ అర్థం పోతది.

కల్వకుర్తి నుంచి ఒక పెద్దాయన: మా దిక్కు ‘తోలిచ్చుడు’ అంటరు. పిల్లను అత్తగారింటికి తోలిచ్చిన్రు, పిలగాన్ని బడికి తోలిచ్చిన్రు. ఇంక బండి తోలుడు, ఎడ్లను తోలుడు కూడా అదే మాట. పంపుడు, నడుపుడు రెండూ ఉన్నయి అండ్ల. మీ నౌకను నడుపుకుంటనే పంపిన్రు గదా?

నేను: పెదనాయనా, నేను వెతుకుతున్నది ఇదే. 2017 ఏప్రిల్ 22న చివరిసారి టైటన్ పక్కనుంచి దగ్గరగా పోనిచ్చి, దాని ఆకర్షణతో నౌక దారిని వలయాల లోపలికి వంచారు. అక్కడితో అది శనిలో కలవడం ఖాయమైపోయింది. ఆ తర్వాత ఇంధనం చుక్క లేకపోయినా అది పోయేది అక్కడికే. సెప్టెంబరు 11న దూరం నుంచే టైటన్ ఇంకొంచెం లాగింది. ఆ బృందం దాన్ని వీడ్కోలు ముద్దు అని పిలుచుకుంది. చివరి నిమిషాల్లో శని గాలి నౌకను తిప్పేస్తుంటే, యాంటెన్నా భూమి వైపే ఉండేలా చిన్న రాకెట్లు పూర్తి బలంతో ఆపుతూ వచ్చాయి. ఆ గాలిలో ఏముందో కొలిచి అప్పటికప్పుడే పంపుతూ ఉంది. మన గడియారంలో సాయంత్రం 5 గంటల 25 నిమిషాలకు సిగ్నల్ ఆగింది. నౌక అంతకు 83 నిమిషాల ముందే పోయింది. అంతదాకా తోలుతూనే ఉన్నారు.

మహబూబ్‌నగర్ మిత్రుడు: సార్, ఇప్పుడు సమజ్ అయింది. మరి మన మంగళయాన్‌కు కూడా తోలిచ్చిన్రు అనొచ్చా?

నేను: అనకూడదన్నా. 2014 సెప్టెంబరు 24న కుజుడి కక్ష్యలోకి చేరి, ఆరు నెలల కోసం చేసిన నౌక ఎనిమిదేళ్ల దాకా నిలిచింది. 2022లో సంబంధాలు తెగిపోయాయి, ఇక తిరిగి దొరకదని ఆ అక్టోబరులో ఇస్రో చెప్పింది. దాన్ని ఎవరూ ఎటూ పంపలేదు, కుజుడి చుట్టూనే ఉండిపోయింది. దానికి ‘మూగబోయింది’ అంటే సరిపోతుంది. అక్కడ కర్త నౌకే. రెండింటికీ ఒకే క్రియ వాడితే పిల్లలకు అసలు తేడా తెలియకుండా పోతుంది.

గోడపత్రికలో ఇట్లా రాస్తున్నాం, చూడండి: “ఎన్సెలడస్ నీళ్లను మన సూక్ష్మజీవులతో ఎంగిలి చేయకూడదని, కాసిని ఇంకా మాట వింటున్నప్పుడే శాస్త్రవేత్తలు నిర్ణయించుకున్నారు. చివరి సిగ్నల్ దాకా తోడుండి, దాన్ని శనిగ్రహంలోకి సాగనంపారు.” కింద పిల్లల మాటల్లో రాసే పెట్టెలో మాత్రం ‘శనిలకు తోలిచ్చిన్రు’ అనే పెడుతున్నాం. పెదనాయనా, మీ దిక్కు ‘శనిలకు’ అంటారా, ‘శనిలోపటికి’ అంటారా? సోమవారం పిల్లలు చార్టు మీద రాస్తారు, ఆలోపు చెప్పండి.

కల్వకుర్తి పెద్దాయన: ‘లోపటికి’ అనే రాయి బిడ్డా. మేం అట్లనే అంటం.