డాక్‌బుక్ మాడ్యూళ్లు: మారిన పుస్తకాన్ని మాత్రమే మళ్లీ బిల్డ్ చేయించడం ఎలా?

ప్రశ్న:
మా సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన మూడు మాన్యువళ్లను డాక్‌బుక్ 5లో (పుస్తకాలు రాయడానికి వాడే ఎక్స్‌ఎంఎల్ ట్యాగుల పద్ధతి) రాసి, ఫైళ్ల మార్పులను నమోదు చేసే గిట్‌లో ఉంచుతున్నాము. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు (మాడ్యూలు). లైసెన్సు, బ్యాకప్ వంటి ఉమ్మడి భాగాలను ఎక్స్‌ఇన్‌క్లూడ్ (ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులోకి మరో ఫైలును చేర్చే ఏర్పాటు) ద్వారా కావలసిన పుస్తకంలో కలుపుకుంటున్నాము. మారిన ఫైళ్లను బట్టి బిల్డ్ నడిపే మేక్ ప్రోగ్రాముకు నియమాలిచ్చే మేక్‌ఫైల్‌లో పుస్తకపు ప్రధాన ఫైలును మాత్రమే ఆధారంగా చూపితే, అధ్యాయం మారినా హెచ్‌టీఎంఎల్ మళ్లీ తయారు కావడం లేదు. అలాగని ఫోల్డరులోని ఫైళ్లన్నింటినీ చూపితే, ఒక్క కామా దిద్దినా మూడు పుస్తకాలూ పీడీఎఫ్‌లతో సహా మొదటినుంచీ తయారవుతున్నాయి. ఏ పుస్తకానికి ఏ ఫైళ్లు కావాలో చేత్తో రాయకుండా మేక్‌కు తెలియజేసే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు 1:
ఆ జాబితా డాక్‌బుక్‌ను హెచ్‌టీఎంఎల్‌గా మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ ప్రోగ్రాము దగ్గరే ఉంటుందండీ, అడిగి తీసుకోవడమే. ఎక్స్‌ఇన్‌క్లూడ్ ఆప్షన్‌తోపాటు లోడ్-ట్రేస్ అనే ఆప్షన్ కూడా ఇస్తే, అది తెరిచిన ప్రతి ఫైలు పేరునూ ఎర్రర్ స్ట్రీమ్‌లోకి ఒక్కో వరుసగా రాస్తుంది. ఆ వరుసల్లోంచి పేర్లను సెడ్ అనే టెక్స్ట్ కమాండుతో ఏరి, మేక్ నియమంగా మార్చి, పుస్తకానికొక డిపెండెన్సీ ఫైలుగా (ఏ ఫైళ్ల మీద ఆధారపడిందో చెప్పే జాబితాగా) దాచి, దాన్ని మేక్‌ఫైల్‌లో ఇన్‌క్లూడ్ చేయండి. స్టైల్‌షీట్ల (పుస్తకం రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల) పేర్లు కూడా అందులోనే వస్తాయి కనుక, వాటిలో మార్పు చేసినా పుస్తకం మళ్లీ తయారవుతుంది. ఒక్క చిక్కుంది: ఎవరైనా ఒక మాడ్యూలును తొలగించినా, పేరు మార్చినా, పాత జాబితాలో ఆ పేరు మిగిలిపోయి, దాన్ని తయారుచేసే నియమం లేదంటూ మేక్ ఆగిపోతుంది. జాబితాలోని ప్రతి ఫైలుకూ ఒక ఖాళీ నియమం కూడా రాయిస్తే ఆ ఇబ్బంది ఉండదు.

జవాబు 2:
పై పద్ధతి సరైనదే. అయితే బిల్డ్ పూర్తయినంత మాత్రాన పుస్తకం సరిగా ఉన్నట్టు కాదు. క్రాస్ రిఫరెన్సు (పుస్తకంలో మరో చోటికి పంపే సూచన) చూపే ఐడీ, అంటే ఆ చోటి గుర్తింపు పేరు, లేకపోతే డాక్‌బుక్ స్టైల్‌షీట్లు ఒక సందేశం రాసి ముందుకు సాగిపోతాయి. ఎగ్జిట్ కోడ్ సున్నాగానే (అంటే అంతా సజావుగా జరిగినట్టే) వస్తుంది, పుస్తకంలో మాత్రం ఆ చోట మూడు ప్రశ్నార్థకాలు అచ్చవుతాయి. మాడ్యూళ్లను విడివిడిగా పరీక్షిస్తే ఇది దొరకదు, ఎందుకంటే ఆ ఐడీ వేరే ఫైలులో ఉండవచ్చు. అందువల్ల ముందుగా ఎక్స్‌ఎంఎల్‌లింట్ అనే కమాండుతో పుస్తకాన్నంతా ఒకే ఫైలుగా కలిపి, దాన్ని జింగ్ అనే తనిఖీ ప్రోగ్రాముతో రిలాక్స్ ఎన్‌జీ స్కీమాకు (డాక్‌బుక్ ట్యాగుల నియమాలున్న ఫైలుకు) సరిచూడండి. ఒకే మాడ్యూలును ఒక పుస్తకంలో రెండుసార్లు కలిపినప్పుడు ఐడీలు రెండేసి అవడం కూడా అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ తనిఖీని గిట్ ప్రీ-కమిట్ హుక్‌లో (ప్రతి కమిట్‌కు ముందు తనంతట తానే నడిచే స్క్రిప్టులో) పెడితే సరిపోతుందా?

జవాబు 3:
సరిపోదండీ. గిట్ హుక్‌లు క్లోన్‌తోపాటు (రిపాజిటరీ నకలుతోపాటు) రావు, వాటిని పెట్టుకున్నవారు కూడా దాటవేయవచ్చు. హుక్‌ను రచయితల సౌకర్యానికి ఉంచుకుని, అసలు తనిఖీని సర్వర్‌లో సీఐకి (ప్రతి మార్పునూ తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే ఏర్పాటుకు) అప్పగించండి. అక్కడ డిపెండెన్సీ జాబితాల మీద ఆశ పెట్టుకోవద్దు: గిట్ ఫైళ్ల పాత సమయాలను భద్రపరచదు, తాజా క్లోన్‌లో ఫైళ్లన్నీ అప్పుడే పుట్టినట్టు కనిపిస్తాయి, కాబట్టి మేక్ అన్నింటినీ మళ్లీ తయారుచేస్తుంది. నా దృష్టిలో అదే మేలు. విడుదలకు వెళ్లే కాపీ మొదటినుంచీ తయారైనదై ఉండాలి. స్కీమా, స్టైల్‌షీట్లను ఎక్స్‌ఎంఎల్ క్యాటలాగ్ (వెబ్ చిరునామాలకు బదులు స్థానిక ఫైళ్లను చూపే జాబితా) ద్వారా స్థానికంగా అందించి, నెట్ నుంచి ఏదీ తీసుకోనివ్వని నోనెట్ ఆప్షన్ పెట్టండి. లేకపోతే బయటి సర్వర్ పలకని రోజున మీ బిల్డ్ కూడా ఆగుతుంది. తయారైన పీడీఎఫ్‌లను మాత్రం రిపాజిటరీలో కమిట్ చేయకండి.